కొత్తవాడ ల్యాప్‌టాప్: వేడి ఎక్కడ ఆగిపోతోంది?

ఏప్రిల్ 19

వరంగల్ కొత్తవాడలో ఉండే మా బావమరిది ల్యాప్‌టాప్ పని మధ్యలో చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది. దర్రీలు (నూలు జంపఖానాలు) నేసే ఇల్లు అది. ముందు గదిలో మగ్గాలు ఆడుతుంటే, వెనక రేకుల గదిలో కూర్చుని అతను నేతగాళ్ల లెక్కలు, జీఎస్టీ బిల్లులు చూసుకుంటాడు. "బావా, బిల్లులు కొట్టుడు షురూ చేస్తె పావుగంటకే బందయితాంది. మల్ల అరగంట దాకా లేస్తలేదు" అని అతను చెప్పిన మాటల్లోనే కావలసిన సమాచారం సగం ఉంది. పని ఒత్తిడి మొదలైన కొంతసేపటికి ఆగడం, చల్లారితే గాని తిరిగి లేవకపోవడం వేడికి సంబంధించిన లక్షణాలు. బ్యాటరీ లేదా చార్జర్ చెడితే సాధారణంగా ఇంత క్రమంగా జరగదు. ల్యాప్‌టాప్‌ను కదిపినప్పుడో, వైరు తీసినప్పుడో, ఏ కారణమూ లేకుండానో ఆగుతుంది. వెంటనే మళ్లీ లేస్తుంది కూడా.

యంత్రం 2018లో కొన్నది. 15.6 అంగుళాల తెర, ఇంటెల్ ఎనిమిదో తరానికి చెందిన కోర్ ఐ5-8250యు ప్రాసెసర్. ఈ ప్రాసెసర్‌కు నాలుగు కోర్లు, 1.6 గిగాహెర్ట్జ్ మూల వేగం, టర్బోలో (అవసరాన్ని బట్టి మూల వేగాన్ని మించి పరుగెత్తే స్థితిలో) 3.4 గిగాహెర్ట్జ్ గరిష్ఠ వేగం, 15 వాట్ల విద్యుత్ పరిమితి, 100 డిగ్రీల ఉష్ణోగ్రత పరిమితి ఉన్నాయి. ఈ చివరి రెండు అంకెలు ఈ డైరీ పొడవునా అవసరమవుతాయి.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు, అతను లెక్కలు రాసుకునే ట్యాలీ ప్రోగ్రాం డేటానూ, బిల్లుల ఫోల్డర్‌నూ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేశాను. ఏదైనా ఫైలు రాస్తుండగా కరెంటు తెగితే ఆ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, ఇలా ఆగిపోయే యంత్రాల విషయంలో మరమ్మతు కన్నా ముందు చేయవలసిన పని అదే.

తర్వాత విండోస్‌లో, యంత్రంలో జరిగిన సంఘటనల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. ఆగిపోయిన ప్రతిసారీ కెర్నల్-పవర్ పేరుతో 41 నంబరు నమోదు కనిపించింది. దాన్ని చూసి చాలామంది విద్యుత్ సరఫరాలోనే లోపం ఉందనుకుంటారు గాని, ఆ నంబరు చెప్పేది "క్రితంసారి యంత్రం పద్ధతిగా మూతపడలేదు" అన్న ఒక్క సంగతే, కారణం చెప్పదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (విండోస్ కూలిపోతే ఎందుకో చెప్పే అంకె) సున్నా అని ఉంది కాబట్టి, విండోస్ తనంతట తాను కూలిపోలేదని, కింది నుంచి ఎవరో కరెంటు తీసేసినట్లుగా ఆగిందని తెలుస్తుంది. వేడి వల్ల విండోసే మూసేస్తే 86 నంబరు నమోదు ఉండాలి, అది లేదు. హార్డ్‌వేర్ తనను తాను కాపాడుకోవడానికి కరెంటు తెంచుకుంటే విండోస్‌కు రాసుకునే వ్యవధి ఉండదు. అందువల్ల ఇక కొలవక తప్పదు.

ఏప్రిల్ 21

ప్రాసెసర్‌లో పుట్టిన వేడి గదిలోని గాలిలో కలిసేలోపు ఒక నిర్ణీతమైన దారి గుండా పోతుంది. ప్రాసెసర్ అసలు భాగమైన సిలికాన్ ముక్క, దాని మీద వేడిని దాటించే థర్మల్ పేస్టు, ఆ పైన రాగి పలక, ఆ పలకకు అతికిన రాగి గొట్టం, గొట్టం చివర దువ్వెనలాంటి సన్నని లోహపు పలకల వరుస, వాటి మధ్య నుంచి గాలిని తోసే ఫ్యాన్, చివరికి గది. వేడెక్కుతున్న యంత్రంలో నూటికి తొంభై పాళ్లు వేడి ఎక్కువగా పుట్టడం లేదు, ఈ దారిలో ఎక్కడో ఆగిపోతోంది. మరమ్మతు అంటే ఆ చోటు కనుక్కోవడమే అని నా అభిప్రాయం. పేస్టు, ఫ్యాన్, కూలింగ్ ప్యాడ్ అన్నీ ఒకేసారి మార్చేస్తే యంత్రం బాగుపడవచ్చు గాని, ఏది చెడిందో ఎన్నటికీ తెలియదు. తెలియకపోతే వచ్చే వేసవికి మళ్లీ మొదటికే వస్తాం.

ఉష్ణోగ్రత ఒక్కటే రాసుకుంటే మన ఊళ్లో మోసపోతాం. జనవరి ఉదయం గది 22 డిగ్రీలుంటుంది; మే నెల మధ్యాహ్నం అదే రేకుల గది 40 దాటుతుంది. రెండు సందర్భాల్లోనూ ప్రాసెసర్ 80 డిగ్రీలు చూపిందంటే, మొదటిది జబ్బు, రెండోది ఆరోగ్యం. అందువల్ల ప్రాసెసర్ ఉష్ణోగ్రత నుంచి గది ఉష్ణోగ్రతను తీసివేసి, మిగిలిన తేడాను ప్రాసెసర్ ఆ సమయంలో వాడుతున్న వాట్లతో భాగించాను. వచ్చేది వాటుకు ఇన్ని డిగ్రీలు అన్న లెక్క. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతున్నంతసేపూ, గది మారినా పని మారినా ఆ అంకె పెద్దగా మారదు. దారి మూసుకుపోతేనే పెరుగుతుంది.

గది కోసం గోడకు తగిలించే మామూలు ఉష్ణమాపకం, ప్రాసెసర్ కోసం హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వాడాను. అది ఉష్ణోగ్రత, వేగం, వాట్లు అన్నింటినీ రెండు సెకన్లకోసారి ఫైల్లో రాస్తుంది కాబట్టి, యంత్రం ఆగిపోయినా చివరి వరుసలు మిగులుతాయి. విమానంలోని బ్లాక్ బాక్స్ చేసే పని అదే. ప్రాసెసర్ మీద పని భారం వేయడానికి ప్రైమ్95 నడిపాను. మెర్సెన్ ప్రధాన సంఖ్యల కోసం వెతికే ఆ ప్రోగ్రాం కోర్లన్నింటినీ తెరిపివ్వకుండా పని చేయిస్తుంది గనుక ఇలాంటి పరీక్షలకు వాడుకలోకి వచ్చింది.

గది 36 డిగ్రీలు. ఏ పనీ లేకుండా ప్రాసెసర్ 64. భారం వేసిన రెండు నిమిషాల్లోపే 100కు చేరి అక్కడే నిలిచింది, వేగం 1.3 గిగాహెర్ట్జ్‌కు పడిపోయింది, వాట్లు 8కి తగ్గాయి. 100 డిగ్రీలు తాకగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మూల వేగమైన 1.6 కన్నా కిందికి పోయిందంటే 15 వాట్ల వేడిలో ఇంచుమించు సగాన్ని మించి ఈ యంత్రం బయటికి పంపలేకపోతోందన్నమాట. మరికొంతసేపటికి తెర నల్లబడింది. ఫైల్లో చివరి వరుస: 100 డిగ్రీలు, 8 వాట్లు. గదితో తేడా 64. వాటుకు 8 డిగ్రీలు. బాగున్న యంత్రంలో ఇది ఇంచుమించు మూడుండాలి.

భారం నడుస్తుండగా పక్కనున్న గాలి రంధ్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను. ఫ్యాన్ మోత బాగానే వినిపిస్తోంది గాని, చేతికి తగిలే గాలి దాదాపు లేదు. ఫ్యాన్ తిరుగుతూ గాలి రాలేదంటే లోపల ఏదో అడ్డముంది.

అన్నట్టు, కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరుతో అడుగుభాగం కొలుద్దామని బావమరిది తెచ్చాడు. అది శరీర ఉష్ణోగ్రత దాటిన దేన్ని చూపినా "హై" అనే అంటుంది. పరిశ్రమల్లో వాడే పరారుణ థర్మామీటరు అయినా మెరిసే రాగి మీద తప్పుగానే చూపుతుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద కొలవాలి.

ఏప్రిల్ 22

మూత విప్పే ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి. ల్యాప్‌టాప్ ఇన్నాళ్లూ మంచం మీద పరిచిన దర్రీ మీదే ఉంటోంది. గాలిని పీల్చుకునే రంధ్రాలు అడుగున ఉన్నాయి. దర్రీ మందంగా, మెత్తగా ఉండి వాటికి సరిగ్గా ఆనుకుంటుంది. చెక్కపలక మీద పెట్టి, వెనక అంచు కింద రెండు ఖాళీ నూలు కండెలు ఉంచాను. అదే 36 డిగ్రీల గదిలో ఖాళీగా ఉన్నప్పుడు 64 కాస్తా 59 అయింది. భారం వేస్తే 100కు చేరడం ఆలస్యమైంది, ఆగడమూ ఆలస్యమైంది, కాని ఆగింది. దర్రీ దోషం కొంత, లోపలి దోషం ఎక్కువ. పలకను మాత్రం శాశ్వతంగా అక్కడే ఉంచేశాం.

ఏప్రిల్ 26

విప్పాను. ఎండాకాలపు పొడి గాలిలో ఒంటి మీద స్థిర విద్యుత్తు సులువుగా పోగవుతుంది కాబట్టి టెరికాటన్ చొక్కా మార్చి నూలు చొక్కా వేసుకుని, ఇనుప కిటికీ చువ్వను ముట్టుకుని కూర్చున్నాను. అడుగున ఉన్న స్క్రూలన్నీ ఒకే పొడవువి కావు. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే అది మదర్‌బోర్డును గాని, పై పలకను గాని పొడుచుకుపోతుంది. అందుకని అట్ట మీద యంత్రం బొమ్మ గీసి, ఏ స్క్రూ ఏ చోటిదో ఆ చోటే గుచ్చి ఉంచాను. అంచు వెంట ఉండే కొక్కేలను పాత ఏటీఎం కార్డుతో ఒక్కొక్కటే విడిపించాను. ఇనుప పనిముట్టు వాడితే అంచు చెడుతుంది.

మూత రాగానే మొదట చేయవలసింది బ్యాటరీ తీగను ఊడదీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి ఉంచడం. బ్యాటరీ ఉబ్బిందేమోనని స్కేలు ఆన్చి చూశాను, సమంగానే ఉంది. ఉబ్బి ఉంటే ఈ పని అక్కడికక్కడే ఆపి ముందు బ్యాటరీ సంగతి చూడాలి, గుచ్చుకున్న లిథియం బ్యాటరీ మండుతుంది.

ఫ్యాన్ మూడు స్క్రూలతో ఉంది. దాన్ని తీయగానే అడ్డం కనిపించింది. ఫ్యాన్‌కూ లోహపు పలకల వరుసకూ మధ్య, పలకల పొడవునా, వేలెడు వెడల్పున ఒక పట్టీ నేసినట్టు పేరుకుపోయి ఉంది. పట్టకారుతో ఒక కొస పట్టి లాగితే తెగకుండా మొత్తం వచ్చింది. అందులో ఎర్ర పోగులు, ఆకుపచ్చ పోగులు, మధ్యలో తెల్ల నూలు ధూళి. ఏ దర్రీ ఏ నెలలో మగ్గం మీద ఉందో చెప్పవచ్చునేమో. మా అత్తమ్మ దాన్ని చూసి "గిది గుడ అమ్మకానికి పెట్టుండ్రి" అన్నది.

మామూలు మట్టి ధూళికీ నూలు ధూళికీ ఇక్కడ తేడా ఉంది. మట్టి రేణువులు చిన్నవి; చాలా భాగం పలకల సందుల్లోంచి గాలితోపాటే బయటికి పోతాయి, మిగిలినవి ఫ్యాన్ రెక్కలకు అంటుకుంటాయి. నూలు పోగు పొడుగ్గా ఉండి, మిల్లీమీటరు వెడల్పుండే సందుకు అడ్డంగా వంతెనలా పడుతుంది. ఒక్క పోగు పడితే వెనకొచ్చే పోగులూ మట్టీ దానికి చిక్కుకుంటాయి. అందుకే మగ్గాలున్న ఇళ్లలోనూ, పత్తి జిన్నింగు మిల్లులలోనూ, ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి వచ్చే కాలంలో నడిచే దుకాణాలలోనూ వాడే కంప్యూటర్లకు ఈ జబ్బు త్వరగా వస్తుంది. ఇంకో సంగతి, ఈ పట్టీ పలకలకు లోపలి వైపు, ఫ్యాన్ ఎదుట ఏర్పడుతుంది కాబట్టి బయటి రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే పలకలు శుభ్రంగానే కనిపిస్తాయి. బయటి నుంచి బ్లోయరుతో ఊదితే పట్టీ ముక్కలై ఫ్యాన్‌లోకి పోతుంది గాని బయటికి రాదు.

పలకలను మెత్తని బ్రష్షుతోనూ, ఫ్యాన్ రెక్కలను తడిపి పిండిన గుడ్డతోనూ శుభ్రం చేశాను. బ్లోయరు వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టి ఉంచాలి. వదిలేస్తే అది తన మామూలు వేగాన్ని మించి తిరిగి బేరింగును పాడుచేస్తుంది. ఫ్యాన్ వైరు ఊడదీయకపోతే డైనమోలా బోర్డులోకి వోల్టేజి కూడా పంపవచ్చు.

పేస్టును కావాలనే ముట్టుకోకుండా తిరిగి బిగించాను. ఒక్క మార్పు, ఒక్క కొలత.

గది 35. ఖాళీగా 51. భారం వేసి గంటసేపు ఉంచితే 93 దగ్గర నిలిచింది. 15 వాట్లు, 2.4 గిగాహెర్ట్జ్. ఆగలేదు. తేడా 58, అంటే వాటుకు నాలుగు డిగ్రీల కన్నా కొద్దిగా తక్కువ. ఎనిమిది నుంచి నాలుగుకు రావడంలో చెక్కపలక వంతు కొంత పోగా, మిగిలినదంతా ఆ పట్టీని తీసేసిన చలవే. చాలామంది ఇంటర్నెట్‌లో చదివి నేరుగా పేస్టు మీద పడతారు. దారిలో సగం అడ్డం ఫ్యాన్ ఎదుటే ఉన్నప్పుడు ఎంత ఖరీదైన పేస్టయినా ఏం చేయగలదు?

మే 3

ఇప్పుడు పేస్టు. వాటుకు నాలుగు డిగ్రీలంటే పని నడుస్తుంది గాని, 93 మీద ఉన్న ప్రాసెసర్‌కు మే నెలలో మిగిలే వెసులుబాటు ఏమీ లేదు. గది ఇంకో ఏడు డిగ్రీలు పెరిగితే మళ్లీ నూరే.

రాగి పలకను పట్టి ఉంచే నాలుగు స్క్రూల పక్కన 1, 2, 3, 4 అంకెలు అచ్చుగుద్ది ఉన్నాయి. బిగించేటప్పుడు ఆ వరుసలో, విప్పేటప్పుడు తిరుగు వరుసలో, ఒక్కోదాన్ని సగం తిప్పు చొప్పున కదపాలి. పైన లోహపు కవచం లేని నగ్న సిలికాన్ కాబట్టి ఒక మూల ఒత్తిడి పెరిగితే అంచు చిట్లుతుంది.

పాత పేస్టు ఎండి, సుద్ద పొడిలా రాలింది. థర్మల్ పేస్టు అంటే సిలికోన్ నూనెలో కలిపిన జింకు ఆక్సైడు, అల్యూమినియం ఆక్సైడు వంటి లోహ ఆక్సైడుల పొడి. దాని పని రాగిని మించి వేడిని మోయడం కాదు. రాగి వాహకత మీటరు-కెల్విన్‌కు దాదాపు 400 వాట్లు, మంచి పేస్టుది పదిలోపే. కాని రెండు గట్టి తలాలు ఎంత నునుపుగా ఉన్నా వాటి మధ్య కంటికి కనిపించని గుంటల్లో గాలి మిగులుతుంది, గాలి వాహకత 0.026 మాత్రమే. పేస్టు ఆ గాలిని తరిమి దాని చోట కూర్చుంటుంది. యంత్రం వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రెండు తలాలూ కొద్దిగా వ్యాకోచించి సంకోచిస్తూ నూనెను అంచులకు నెట్టేస్తాయి, కొన్నేళ్లకు పొడి మిగులుతుంది. ఎనిమిదేళ్ల పాత పేస్టు ఈ పాటికి ఇలా కాకపోతేనే వింత.

మొబైల్ రిపేరు దుకాణాల్లో ఐపీఏ అని అడిగితే దొరికే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, కళ్లద్దాలు తుడిచే గుడ్డతో రెండు తలాలనూ తుడిచాను. పోగులు రాలని గుడ్డ కోసం ఆ ఇంట్లో వెతకడం కష్టమైంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడకూడదు, అందులోని అసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది.

ఈ ప్రాసెసర్ ఆకుపచ్చ పలక మీద రెండు సిలికాన్ ముక్కలుంటాయి. పెద్దది ప్రాసెసర్, చిన్నది చిప్‌సెట్. మధ్యలో చుక్క పెట్టి ఒత్తితే అదే పరుచుకుంటుందన్న సలహా లోహపు కవచం ఉన్న డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు సరిపోతుంది గాని, నగ్న సిలికాన్ మీద ఒక మూల పేస్టు అందకపోతే ఆ మూల కోరు విడిగా వేడెక్కుతుంది. అందుకని కార్డు అంచుతో పలచగా అంతటా పూశాను. ద్రవ లోహం వాడమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. అందులోని గాలియం అల్యూమినియంను తినేస్తుంది, విద్యుత్తును మోస్తుంది, కాస్త జారి పక్క భాగం మీద పడితే బోర్డు పోతుంది. లెక్కలు రాసుకునే యంత్రానికి అది అక్కర్లేదు.

పక్కనున్న విద్యుత్ భాగాల మీది మెత్తని థర్మల్ ప్యాడ్లు చిరగకుండా ఉన్నాయి, అవే ఉంచాను. వాటిని మార్చవలసి వస్తే అదే మందంవి వేయాలి. మందం ఎక్కువైతే రాగి పలక పైకి లేచి, ప్రాసెసర్‌ను తాకకుండా పోతుంది. కొత్త పేస్టు వేశాక ముందుకన్నా ఎక్కువ వేడెక్కింది అనే ఫిర్యాదుల వెనక తరచుగా ఉండే సంగతి ఇదే.

రాగి గొట్టాన్ని కూడా చూశాను. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ రూపొందించిన హీట్ పైపే ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంది. లోపల గాలి తీసేసి కొద్దిపాటి నీరు నింపి మూసిన గొట్టం. ఒక కొస వద్ద నీరు ఆవిరై, రెండో కొస వద్ద చల్లబడి, లోపలి గోడకున్న సూక్ష్మ రంధ్రాల పొర గుండా వెనక్కి వస్తుంది. గొట్టం మడత పడినా, బాగా నొక్కుకున్నా పని తగ్గుతుంది, చిల్లు పడితే మానేస్తుంది. మాదానికి అలాంటి గుర్తులు లేవు. బిగించాక భారం వేసి, పలకల చివర వేలు పెడితే సుర్రుమంది. అక్కడి దాకా వేడి వస్తోందంటే పేస్టూ గొట్టమూ పని చేస్తున్నట్టే. ప్రాసెసర్ మండిపోతూ ఆ చివర గోరువెచ్చగా ఉంటేనే వాటిని అనుమానించాలి.

గది 36. ఖాళీగా 49. భారంలో 83, 15 వాట్లు. తేడా 47, వాటుకు 3.1. వేగం మాత్రం 2.4 దగ్గరే ఉంది. పేస్టు మార్చగానే యంత్రం పరుగెత్తుతుందని ఆశించేవారు ఇది గమనించాలి. వేగాన్ని ఇప్పుడు ఆపుతున్నది వేడి కాదు, 15 వాట్ల పరిమితి.

మే 11

ఫోను వచ్చింది. "మల్ల బందయింది బావా."

ఫైలు పంపమన్నాను. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోను ఎప్పుడూ రాస్తూ ఉండేలా పెట్టడం ఇక్కడ అక్కరకొచ్చింది. గది 39 అని బావమరిది చెప్పాడు. ట్యాలీ, బ్రౌజరు నడుస్తున్నాయి. 7 వాట్లు, 66 డిగ్రీలు, గంటకు పైగా అలాగే నిలకడగా ఉన్నాయి. తర్వాత వాట్లు ఏమాత్రం పెరగకుండానే ఉష్ణోగ్రత ఎక్కడం మొదలుపెట్టి, రెండు నిమిషాల్లోపే 100 తాకింది. వేగం పడింది, వాట్లు పడ్డాయి, అయినా దిగలేదు, ఆగిపోయింది.

ఈ గీత ఆకారమే జవాబు చెబుతుంది. ధూళి గాని, ఎండిన పేస్టు గాని వారాల తరబడి నెమ్మదిగా పెరిగే జబ్బులు. రాగి పలక సరిగ్గా ఆనకపోతే భారం వేసిన మొదటి క్షణాల్లోనే ఉష్ణోగ్రత నిటారుగా లేస్తుంది. భారం మారకుండా, గంట సేపు బాగున్న యంత్రం ఉన్నట్టుండి వేడెక్కిందంటే ఆ క్షణంలో ఆగిపోగల వస్తువు దారిలో ఒక్కటే ఉంది. ఫ్యాన్.

సాయంత్రం కొత్తవాడ వెళ్లి, అడుగు మూత తీసి ఉంచి, చెక్కపలక మీద పక్కకు నిలబెట్టి నడిపాను. చల్లగా ఉన్నంతసేపు ఫ్యాన్ చక్కగా తిరిగింది. ఏప్రిల్‌లో వేలితో తిప్పినప్పుడూ అలాగే తిరిగింది. భారం వేసి పూర్తిగా వేడెక్కనిచ్చాక చిన్నగా గరగరమని, తడబడి, నిలిచిపోయింది. పెన్సిలు కొసతో తడితే మళ్లీ కదిలింది. ఈ ఫ్యాన్లలో చాలా వాటికి నూనె పీల్చుకున్న కంచు గొట్టమే బేరింగు. నూనె ఎండిపోయి మిగిలిన జిగురులో నూలు ధూళి చేరితే, వేడికి ఇరుసు బిగుసుకున్నప్పుడు చిన్న మోటారు దాన్ని తిప్పలేదు. ఇలాంటి ఫ్యాన్‌ను చల్లని బల్ల మీద పరీక్షించి బాగుందనడంలో అర్థం లేదు.

పక్కింటాయన కొబ్బరినూనె చుక్క వేయమన్నారు. కొబ్బరినూనె చలికాలం 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. కుట్టు మిషను నూనె అంతకన్నా మేలు, కొన్ని వారాలు నడిపిస్తుంది కూడా. అయితే గాలిలో పోగులు తేలే ఇంట్లో, తెరిచి ఉన్న ఇరుసుకు నూనె పూయడమంటే పోగులను పిలిచి కూర్చోబెట్టడమే. మార్చడానికే నిశ్చయించాను.

మే 17

ఫ్యాన్ కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు చాలదు. ఒకే మోడల్‌లో గ్రాఫిక్స్ చిప్ ఉన్నదానికీ లేనిదానికీ వేర్వేరు ఫ్యాన్లుంటాయి. పాత ఫ్యాన్ మీది లేబుల్‌లో ఉన్న పార్ట్ నంబరు, 5 వోల్టుల గుర్తు, నాలుగు తీగల కనెక్టరు, రెక్కలు తిరిగే దిశ, స్క్రూ రంధ్రాల స్థానాలు ఫొటో తీసి, కాజీపేట నుంచి రోజూ సికింద్రాబాద్ రైల్లో వెళ్లొచ్చే మిత్రుడికి పంపాను. పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతికి అదే నంబరుది తెచ్చాడు. హనుమకొండలో అడిగిన చోట వేరే నంబరుది చూపి "అన్నా, గిదే సెట్ అయితది" అన్నారు. కనెక్టరు మూడు తీగలది. నాలుగో తీగ ద్వారానే బోర్డు ఫ్యాన్ వేగాన్ని తగ్గించి పెంచుతుంది.

బిగించాను. గది 38, భారంలో 84, 15 వాట్లు, వాటుకు 3.1. పేస్టు వేసిన రోజు వచ్చిన అంకే. వేడెక్కినా ఫ్యాన్ తడబడలేదు. రాత్రి పొద్దుపోయే దాకా భారం వదలకుండా ఉంచి చూశాను.

మే 24

యంత్రం బాగయింది, గది బాగు కాలేదు. చాలా ల్యాప్‌టాప్‌ల వివరాల పత్రంలో, పని చేయదగిన పరిసర ఉష్ణోగ్రత సున్నా నుంచి 35 డిగ్రీలని ఉంటుంది. ఉత్తర తెలంగాణలో మే నెల పగటి ఎండ 45 డిగ్రీల దాకా పోయే రోజులుంటాయి, రేకుల గది సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే ఏడాదిలో రెండు నెలలు ఈ యంత్రం తయారీదారు రాసిన హద్దు బయటే పని చేస్తోంది. దారి అంతా తెరిచినా, దారి చివర ఉన్న గాలే వేడిగా ఉంటే మిగిలిన ఉపాయం వేడిని తక్కువ పుట్టించడం.

విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి తగ్గించాను. చూడటానికి ఒక్క శాతం, నిజానికి దానివల్ల టర్బో పూర్తిగా ఆగిపోతుంది. గది 39 ఉండగా పూర్తి భారంలో 1.6 గిగాహెర్ట్జ్, 9 వాట్లు, 67 డిగ్రీలు. బిల్లులు కొట్టే వేగంలో తేడా బావమరిదికి తెలియలేదు. పెద్ద ఎక్సెల్ ఫైలు తెరవడం కొద్దిగా ఆలస్యమైందన్నాడు. జూలైలో మళ్లీ 100 చేద్దాం.

కూలరు ఎదురుగా పెట్టవచ్చా అని అడిగాడు. పొడి గాలిలో కూలరు గది ఉష్ణోగ్రతను బాగానే తగ్గిస్తుంది, ఆ మేరకు ల్యాప్‌టాప్‌కూ మంచిదే. వేడిగా ఉన్న యంత్రం మీద తేమ పట్టదు. అయితే తుంపర నేరుగా తగిలేంత దగ్గర వద్దన్నాను. అడుగున ఫ్యాన్లుండే కూలింగ్ ప్యాడ్ కొందామన్నాడు. ఈ ఇంట్లో అది మంచం మీది పోగులను మరింత వేగంగా లోపలికి తోసే యంత్రమవుతుంది కాబట్టి వద్దనే చెప్పాను.

జూన్ 7

చివరి ప్రయోగం. అడుగున గాలి పీల్చే రంధ్రాల మీద కిటికీకి వేసే దోమల జాలి ముక్కను రెండు వైపులా అతికే టేపుతో అంటించాను. పోగులు లోపల పలకల దగ్గర కాకుండా బయట, చేతికి అందే చోట ఆగాలన్నది ఆలోచన. జాలి గాలికి కొంత అడ్డమే. గది 36, 9 వాట్లు, 68 డిగ్రీలు, వాటుకు 3.1 ఉన్నది 3.6 అయింది. వారం తిరగకముందే జాలి మీద పలచని తెల్ల పొర కనిపించింది. ఆ పొర లోపలికి పోకుండా ఆగినందుకు నాలుగైదు డిగ్రీలు చెల్లించవచ్చుననిపించింది, జాలిని ఉంచేశాను.

తుడిచే పని మరదలు తీసుకుంది. శుక్రవారం మగ్గాల దగ్గర ఊడ్చేటప్పుడే ల్యాప్‌టాప్‌ను తిరగేసి, తడి గుడ్డతో ఒకసారి. లెక్క చూసే పని బావమరిదిది. నెలకోసారి గది ఉష్ణోగ్రత, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, వాట్లు పాత బిల్లు పుస్తకం వెనక రాసి ఉంచుతాడు. వాటుకు ఐదు డిగ్రీలు దాటితే నాకు ఫోను చేయాలి, దాటకపోతే దసరా సెలవుల్లో మూత విప్పుతాను.